ఏ నేలవేము?

నిరుడు కార్తిక మాసంలో మా నాన్నగారి పరగడుపు షుగరు 312 వచ్చింది. అంతకు ముందు రెండేళ్లుగా 130 దాటని మనిషి. డాక్టరుగారు "మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగితే నాన్నగారు నా వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూశారు. నాకు అక్కడే అర్థమైంది. ఇంటికి వచ్చి ఆయన మంచం పక్కనున్న బల్ల సొరుగు తీస్తే రెండు నెలల మాత్రలు అట్టల్లో అలాగే ఉన్నాయి. వాటి పక్కన పాత దినపత్రికలో చుట్టి, దారంతో కట్టిన ఎండు పుల్లల కట్ట ఒకటి ఉంది.

"నేలవేము అమ్మా. మీ నాయనమ్మ కాచి ఇచ్చేదే కదా. మీ అందరికీ తాగించింది. ఇంగ్లీషు మందులు ఎన్నాళ్లు మింగుతానులే అని..." అని ఆగిపోయారు.

ఆయన మీద కోపం రాలేదు. 78 ఏళ్ల మనిషి తన తల్లి చేతి మందును నమ్మడంలో తప్పేముంది? నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఆ కట్ట. 26 ఏళ్లుగా పిల్లలకు జీవశాస్త్రం చెబుతున్నాను. ఆ కట్టను చేతిలోకి తీసుకోగానే ఏదో తేడాగా అనిపించింది. చేతికి గుర్తున్న మొక్క అది కాదు.

ఆ రాత్రి వంటింటి బల్ల మీద తెల్ల కాగితం పరిచి కట్ట విప్పాను. కాండం పలకలుగా, నాలుగు అంచులతో ఉంది. ఆకులు చాలావరకు పొడి అయిపోయాయి. కాయలు మాత్రం మిగిలాయి. రెండు సెంటీమీటర్ల పొడవు, సన్నగా, రెండు కొసలా మొనదేలి, మధ్యలో సన్నటి గీతతో ఉన్నాయి. ఒకదాన్ని గోటితో చీల్చి భూతద్దం కింద పెట్టాను. లోపల గోధుమ రంగు గింజలు, ఒక్కో గింజ కింద వంకీ తిరిగిన కొక్కెం. ఆ కొక్కేన్ని చూశాక ఇక అనుమానం లేదు. వర్షాకాలంలో పిల్లలు నీళ్లలో వేసి టప్పున పేల్చి ఆడుకునే ఊదారంగు పువ్వుల మొక్క కాయల్లోనూ ఇవే కొక్కేలు ఉంటాయి. కాయ పగిలినప్పుడు గింజను దూరంగా విసిరేది ఆ కొక్కెమే. అది అకాంథేసి కుటుంబపు ముద్ర. కట్టలో ఉన్నది ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. హిందీవాళ్లు కాల్‌మేఘ్ అంటారు, తమిళులు నిలవేంబు అంటారు, మనం నేలవేము అంటాం. డెంగీ, చికున్‌గున్యా జ్వరాలప్పుడు తమిళనాడులో పంచే నిలవేంబు కషాయంలో ముఖ్యమైన మూలిక ఇదే.

అంటే ఆ కట్ట అమ్మిన దుకాణంవాళ్లు మోసం చేయలేదు. నేలవేము అడిగితే నేలవేమే ఇచ్చారు. కానీ అది మా నాయనమ్మ నేలవేము కాదు.

మా ఊరు చీరాల దాటాక సముద్రం వైపు, ఇసుక నేల. అప్పట్లో ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మాకు ఎకరంన్నర వేరుశనగ చేను, గట్టు మీద తాటిచెట్లు, అవతల సరుగుడు తోట ఉండేవి. చేను మధ్యలో దొరువు. బావి అంటే గుండ్రంగా, లోతుగా ఉంటుందనుకునే వాళ్లకు చెబుతున్నాను, దొరువు అలా ఉండదు. ఇసుకలో నాలుగైదు అడుగులు ఏటవాలుగా తవ్వితే ఊరే తియ్యటి నీళ్ల గుంట అది. మనిషి రెండు కుండలతో దిగి, ముంచుకుని, ఎక్కి వచ్చి పాదులకు పోసేవాడు. సముద్రం అంత దగ్గరలో అంత తీపి నీళ్లు ఎలా ఉంటాయని మా నాయనమ్మను అడిగితే "ఇసుక తల్లి వడగట్టి ఇస్తుంది" అనేది. వాన నీరు బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఇసుకలో నిలుస్తుందని చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. ఆమె చెప్పినదాంట్లోనూ తప్పేమీ కనబడలేదు.

ఆ దొరువు ఒడ్డునే ఆమె మందు మొక్క పెరిగేది. జానెడు, మహా అయితే మూరెడు ఎత్తు. మొదట్లోంచే నాలుగైదు కొమ్మలు నిటారుగా లేచేవి. వేలెడు పొడవుండే సన్నటి ఆకులు తొడిమ లేకుండా, జంటలు జంటలుగా, ఎదురెదురుగా కాండాన్ని పట్టుకుని ఉండేవి. ఒక్కో ఆకు మీద మొదలు నుంచి కొస దాకా మూడు ఈనెలు. మేకలు సరుగుడు మొలకల్ని కూడా వదిలేవి కాదు గానీ దీన్ని మాత్రం మూతితో తాకి పక్కకు తప్పుకునేవి. అందుకే చుట్టూ గడ్డి అంతా కొరికేసి ఉన్నా ఇది మాత్రం పచ్చగా నిలబడి ఉండేది.

నాయనమ్మ ఎప్పుడూ దాన్ని పీకేది కాదు. బొటనవేలి గోటితో నేలకు రెండంగుళాల పైన కొమ్మను తుంచేది. నేను ఉత్సాహంగా వేరుతో సహా పీకితే చేతి మీద మెల్లగా కొట్టి, "మొదలు ఉంచవే, పై వానకు మళ్లీ వస్తుంది" అనేది. నిజంగానే వచ్చేది. కొమ్మలన్నీ చేటలో పరిచి వసారాలో నీడన ఆరబెట్టేది. ఎండలో పెడితే "సారం పోతుంది" అనేది. ఎండాక పిడికెడు కొమ్మలు, నాలుగు మిరియాలు వేసి, రెండు గ్లాసుల నీళ్లు ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించేది. జ్వరం వస్తే మూడు రోజులు. వేసవి సెలవులకు వచ్చిన పిల్లలందరికీ, కడుపులో పాములున్నా లేకపోయినా, ఒక ఉదయం తప్పదు. మింగాక తాటిబెల్లం ముక్క చేతిలో పెట్టేది. ఆ బెల్లం నాలుక మీద కరిగిపోయాక కూడా చేదు అక్కడే ఉండేది.

పేరు అడిగితే "నేలవేము" అనేది. ఒక్కోసారి "చేదాకు" అని ఊరుకునేది. నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివేటప్పుడు పుస్తకంలో నేలవేము అంటే ఆండ్రోగ్రాఫిస్ అని చదివి, మా దొరువు ఒడ్డు మొక్క అదేనని స్థిరపరచుకున్నాను. బొమ్మతో పోల్చి చూడాలని తోచనే లేదు. పేరు ఒకటే కదా, మొక్కా ఒకటే అనుకున్నాను. ఆ తప్పును క్లాసులో కనీసం ఇరవై ఏళ్లు చెప్పాను. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆమె మొక్క అసలు పేరు ఎనికోస్టెమా ఆక్సిలేర్. జెన్షియనేసి కుటుంబం. తెలుగు మూలికల పుస్తకాల్లో నేలగులిమిడి అని కనిపిస్తుంది. హిందీలో ఛోటా చిరాయతా, తమిళంలో వెళ్ళరుగు, గుజరాతీలో మామెజవో. పాత పుస్తకాల్లో దీనికి లిట్టోరేల్ అనే పేరూ ఉంది, సముద్రతీరపుది అని అర్థం. జావా మొక్కల్ని అధ్యయనం చేసిన బ్లూమ్ పెట్టిన పేరు అది. ఆక్సిలేర్ అంటే ఆకు గ్రీవంలో ఉండేది, మన మాటల్లో ఆకు చంకలో. ఈ పేరు పెట్టినవాళ్లు మొక్కను బాగా చూసి పెట్టారు. ఎందుకంటే గుర్తు పట్టడానికి అదొక్కటి చాలు. కాల్‌మేఘ్ పువ్వులు సన్నటి పొడవాటి రెమ్మల మీద దూరం దూరంగా, మొక్క చుట్టూ గాలిలో చెదిరినట్టు ఉంటాయి. రెండు పెదవుల పువ్వు, కింది పెదవి మీద ఊదా మచ్చలు, రెండే కేసరాలు. నేలగులిమిడి పువ్వులు రెమ్మల మీద ఉండవు. ప్రతి కణుపు దగ్గర, ఆకు కాండాన్ని కలిసే మూలలో, గుత్తిగా కాండానికి అతుక్కుని కూర్చుంటాయి. కింది నుంచి పై దాకా కణుపు కణుపుకూ పువ్వులే.

ఒక్క పువ్వును తుంచి భూతద్దం కింద పెట్టి చూడండి. బియ్యపు గింజంత పొడవు. తెల్లటి చిన్న గొట్టం, చివర అయిదు మొనదేలిన రేకులు. ఇంకా విప్పుకోని మొగ్గ దొరికితే అదే ఎక్కువ అందం. అయిదు రేకులూ ఒకదాని అంచు మీద ఒకటి పడి, గుడ్డను పిండినట్టు మెలితిరిగి ఉంటాయి. ఈ మెలిక జెన్షియనేసి కుటుంబంలో చాలా మొక్కలకు ఉంటుంది. గొట్టాన్ని సూదితో చీల్చితే రేకుల సంఖ్యకు సరిగ్గా అయిదు కేసరాలు. పువ్వు వాడాక రాలిపోదు. పలచటి కాగితంలా ఎండి కాయ చుట్టూ అలాగే ఉండిపోతుంది. కాయ మినపగింజ అంత, లోపల ఇసుక రేణువుల్లాంటి గింజలు లెక్కకు అందనన్ని. కొక్కేలు ఉండవు. కాయ రెండుగా విచ్చుకుంటుంది, గింజలు జారి పడతాయి, అంతే.

మరి నాయనమ్మకు ఆ పేరు ఎలా వచ్చింది? ఆమె కల్పించింది కాదు. ఈ ముడి విప్పడానికి నాకు ఒక నెల పట్టింది.

సంస్కృత వైద్య గ్రంథాల్లో కిరాతతిక్తం అని ఒక గొప్ప చేదు మందు ఉంది. హిమాలయాల్లో కిరాతులు ఉండే చోట దొరికే చేదు అని ఆ పేరు. భావప్రకాశంలో దీనికి చెప్పిన పర్యాయపదాల్లో ఒకటి భూనింబ. భూ అంటే నేల, నింబ అంటే వేప. మాటకు మాట వేసుకోండి, నేలవేము వస్తుంది. అసలు భూనింబ మాత్రం మన నేల మీద పెరగదు. అది స్వెర్షియా చిరాయిత, 1,200 మీటర్లకు పైన హిమాలయపు వాలుల్లో పెరిగే, పసుపూ ఆకుపచ్చా కలిసిన పువ్వుల మొక్క. రేకులు నాలుగు, వాటి మీద ఊదారంగు జీర, ప్రతి రేకు మొదట్లో రెండు తేనె గుంటలు, వాటి చుట్టూ నూగు. ఇదీ జెన్షియనేసి కుటుంబమే. దుకాణాల్లో దొరికేది దీని ఎండు కాండాలు, ఎక్కువగా నేపాల్ నుంచి వస్తాయి. ముదురు గోధుమ రంగు కాండాన్ని విరిస్తే లోపల పసుపు పచ్చని బెండు నిండుగా కనిపిస్తుంది. అసలు కిరాతతిక్తానికి నేను చూసే గుర్తు అదే.

హిమాలయాల మొక్క ప్రతి ఊరికీ చేరదు. కానీ పేరు చేరింది. వైద్యుడు భూనింబ అన్నాడు, ఊరు నేలవేము అంది, ఊళ్లో ఉన్న చేదు మొక్కకు ఆ పేరు అంటుకుంది. చెట్ల నీడ, తేమ ఉన్న చోట కాల్‌మేఘ్ ఉంది కాబట్టి అక్కడ అది నేలవేము అయింది. మా ఇసుకలో, మండే ఎండలో కాల్‌మేఘ్ బతకదు. అక్కడ బతికేది నేలగులిమిడి. అందుకే మాకు అది నేలవేము. ఛోటా చిరాయతా అన్న హిందీ పేరు ఈ కథనే ఇంకో దారిలో చెబుతోంది. పెద్ద చిరాయతా దొరకనివాళ్లకు చిన్న చిరాయతా. నా లెక్కలో నాయనమ్మ తప్పు చెప్పలేదు. నిజానికి కుటుంబం ప్రకారం చూస్తే ఆమె మొక్కే హిమాలయాల భూనింబకు దగ్గరి చుట్టం. కాల్‌మేఘ్‌కు ఆ చుట్టరికం లేదు, చేదు ఒక్కటే ఉంది.

ఇలాంటిదే ఇంకోటి ఇదే కుటుంబంలో ఉంది. మనకు శంఖపుష్పి అంటే నీలం పువ్వుల విష్ణుక్రాంత అని చాలామంది అంటారు. కేరళలో శంఖుపువ్వు తీగ అంటారు. బెంగాల్ వైద్యులు మాత్రం కాన్‌స్కోరా అనే జెన్షియనేసి మొక్కను శంఖపుష్పిగా వాడతారు. ఒకే శ్లోకం, మూడు ప్రాంతాలు, మూడు మొక్కలు. ఆ కాన్‌స్కోరా అనే శాస్త్రీయ నామం కూడా, లాటిన్ లాగా వినిపించినా, డచ్చివాళ్లు హోర్టస్ మలబారికస్ అనే మలబారు మొక్కల పుస్తకంలో రాసుకున్న మలయాళం పేరు నుంచి వచ్చినదే.

ఇక్కడ రాక్స్‌బర్గ్ గురించి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా వచ్చి 1781 నుంచి సామర్లకోటలో ఉండి, మన తీరం మొక్కలను ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్లాడు. హిమాలయాల కిరాతతిక్తానికి జెన్షియానా చిరాయిత అని శాస్త్రీయ నామం పెట్టింది ఆయనే. దశాబ్దం పైగా మన ఇసుక మీద, మన చేదు మొక్కల మధ్య తిరిగిన మనిషే ఉత్తరాది చేదుకు పేరు పెట్టాడన్న మాట. ఆయన గీయించిన బొమ్మల్లో ఒకదాన్ని మొదటిసారి కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి చూసినప్పుడు, ఆ గీతలు గీసిన పేరు తెలియని చిత్రకారుడికి చేతులు జోడించాలనిపించింది.

జెన్షియన్ అనే మాట మా తరంవాళ్లందరికీ తెలుసు, ఎక్కడ విన్నామో గుర్తుండదు గానీ. చిన్నప్పుడు నోరు పూసినా, మోకాలు చెక్కుకుపోయినా దూదితో పూసే ఊదా రంగు మందు, జెన్షియన్ వయొలెట్. చొక్కాకు అంటితే పోయేది కాదు. దానికీ ఈ మొక్కలకూ ఏ సంబంధమూ లేదు. అది ప్రయోగశాలలో తయారైన రంగు. జెన్షియన్ పువ్వుల ఊదాను పోలి ఉందని ఆ పేరు పెట్టారు. ఆ పువ్వుల పేరేమో క్రీ.పూ. 168లో రోమన్లకు ఓడిపోయిన ఇల్లీరియా రాజు జెంటియస్‌ది. జెన్షియన్ వేరులోని మందు గుణం ఆయనే కనిపెట్టాడని రోమన్లు రాసుకున్నారు. ఆ రాజు రాజ్యం పోయింది, పేరు మాత్రం సుమారు 1,700 జాతుల కుటుంబానికి మిగిలింది. అందులో ఒకటి మా దొరువు ఒడ్డున.

మా తమ్ముడు మ్యూనిక్‌లో ఉంటాడు. ఈ సంగతులన్నీ ఫోనులో చెబుతుంటే వేసవిలో కొండలెక్కినప్పుడు తీసిన ఫోటో పంపాడు. "అక్కా, ఇదేనా మీ కుటుంబం?" అని. మనిషి నడుము దాటిన ఎత్తు, వెడల్పాటి ఆకులు, ప్రతి కణుపు దగ్గరా కాండం చుట్టూ దట్టంగా పసుపు పచ్చని పువ్వులు. జెన్షియానా లూటియా. చూడగానే ఒళ్లు పులకరించింది. మా నాయనమ్మ మొక్కను పదింతలు చేసి, పసుపు నీళ్లలో ముంచి తీసినట్టుంది. పువ్వులు కణుపు కణుపునా ఆకు చంకల్లో కూర్చున్న తీరు అచ్చం అదే. అక్కడి ప్రజలు దాని వేరును తవ్వి, నానబెట్టి, జీర్ణానికి మందుగా, సారాగా తాగుతారట. ఆ వేరులో అమరోజెంటిన్ అనే పదార్థం ఉంది. 5 కోట్ల 80 లక్షల వంతుల నీటిలో ఒక్క వంతు కలిపినా నాలుకకు తెలుస్తుంది. హిమాలయాల కిరాతతిక్తంలో ఉన్నదీ అదే. ఈ కుటుంబం మొక్కలు తమను తినడానికి వచ్చే జీవుల నుంచి ఈ చేదుతోనే తమను కాపాడుకుంటాయి. మా మేకలు మూతి తిప్పుకున్నది అందుకే.

తమ్ముడు ఇంకో మాట చెప్పాడు. అది విన్నాకే ఈ టపా రాయాలని గట్టిగా అనుకున్నాను. ఆ కొండల మీదే వెరాట్రమ్ అనే విషపు మొక్క కూడా పెరుగుతుంది. పువ్వులు లేని రోజుల్లో రెండూ ఒకేలా ఉంటాయి. జెన్షియన్ అనుకుని దాని వేరు తవ్వుకుని తాగి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. గుర్తు ఒకటే. జెన్షియన్ ఆకులు జంటగా ఎదురెదురుగా ఉంటాయి, వెరాట్రమ్ ఆకులు ఒకటి విడిచి ఒకటి ఉంటాయి. అక్కడి పెద్దలు పిల్లలకు ఆ గుర్తు చెప్పి మరీ పంపుతారట. మనకు దొరికే రెండు నేలవేముల్లో విషం లేదు గనుక ఎవరూ పట్టించుకోలేదు. కానీ మందు అని తాగేటప్పుడు ఏ మందు తాగుతున్నామో తెలియకపోవడం చిన్న విషయం కాదు.

షుగరు సంగతికి వస్తాను, ఎందుకంటే చదివేవాళ్లు మొదట అడిగేది అదే. నేలగులిమిడిలో స్వెర్షియామారిన్ అనే చేదు పదార్థం ఉంది. వడోదరలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయం పరిశోధకులు 2000 తర్వాతి సంవత్సరాల్లో ఈ మొక్క మీద చాలా పని చేశారు. గుజరాత్‌లో మామెజవోను షుగరుకు వాడే అలవాటు ఎప్పటి నుంచో ఉంది, అక్కడి నుంచే వాళ్లకు ఆలోచన వచ్చింది. ఎలుకల్లో రక్తంలోని చక్కెర తగ్గింది. మనుషుల మీద జరిగిన చిన్న పరిశోధనలోనూ కొంత గుణం కనిపించింది. నేను వాటిని చదివాను, ఆనందించాను. అయినా ఒక మాట గట్టిగా చెబుతాను. ఎంత మోతాదు, ఎన్ని నెలలు, ఏ మాత్రలతో కలిస్తే ఏమవుతుంది అనేవి పెద్ద సంఖ్యలో రోగుల మీద తేలేదాకా ఇది మాత్రకు బదులు కాదు. మా నాన్నగారు సరైన మొక్కే తాగి ఉన్నా నేను ఇదే మాట అనేదాన్ని. నాయనమ్మ కాచింది మూడు రోజుల జ్వరానికి. ఆమె ఎవరికీ ఏళ్ల తరబడి ఇవ్వలేదు, ఆమె కాలంలో మా ఇంట్లో షుగరు పరీక్షే లేదు. ఆమె చేయని వాగ్దానాన్ని ఆమె మొక్క మీద మనం పెడుతున్నాం.

సంక్రాంతి సెలవుల్లో నేను, మా అమ్మాయి ఆ మొక్కను వెతకడానికి ఊరు వెళ్లాం. చేను అమ్మేసి పద్దెనిమిదేళ్లయింది. దొరువు ఉన్న చోట ఇప్పుడు రొయ్యల చెరువు. గట్టు మీద నిలబడితే నీళ్లు తిప్పే చక్రాల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. పక్క సరుగుడు తోటలో చూశాం, నేల అంతా రాలిన సూదులు మందంగా పరుచుకుని గడ్డి కూడా లేదు. వాడరేవు దారి వెంట ఇసుక మేటలన్నీ ప్రహరీ గోడల వెనక్కి వెళ్లిపోయాయి. మధ్యాహ్నం దాకా తిరిగాం. మా అమ్మాయి ఫోనులో ఫోటో చూసుకుంటూ ప్రతి పచ్చ మొక్క దగ్గరా వంగి చూసింది. ఒకటి రెండు చోట్ల విష్ణుక్రాంత, చాలా చోట్ల పల్లేరు.

చివరికి దొరికింది ఊరి శ్మశానంలో. ఎవరూ తవ్వని, ఎవరూ గోడ కట్టని చోటు అదొక్కటే మిగిలింది. పడమటి వైపు ముళ్ల కంచె మొదట్లో, ఇసుకలో, ముప్ఫై నలభై మొక్కలు. కింది కణుపుల్లో కాయలు ఎండి ఉన్నాయి, పై కణుపుల్లో ఇంకా రెండు మూడు తెల్లటి పువ్వులు. అక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను. మా నాయనమ్మ దహనం జరిగింది ఆ కంచెకు ఇరవై అడుగుల దూరంలో. మా అమ్మాయి ఏమీ అడగకుండా నా భుజం మీద చేయి వేసింది.

బొటనవేలి గోటితో రెండు కొమ్మలు, రెండంగుళాలు వదిలి, తుంచాను. ఎండు కాయలు కొన్ని కాగితం పొట్లంలో కట్టుకున్నాను.

ఇంటికి వచ్చి నాన్నగారికి ఏమీ చెప్పకుండా రెండు ఆకులు చేతిలో పెట్టాను. నమిలారు. ముఖం చిట్లించారు. కాసేపు కళ్లు మూసుకుని ఉండి, "ఇది మా అమ్మది" అన్నారు. తర్వాత తనే, "ఆ కట్టది కూడా చేదేనమ్మా, కానీ అది గొంతు దాకా పట్టేది. ఇది నాలుక మీద కూర్చుంటుంది. తాగినప్పుడే అనుమానం వచ్చింది, నా నోరే మారిందేమో అనుకున్నాను" అన్నారు. నాకు పట్టిక వేసి చూపించాల్సిన తేడాను ఆయన నాలుక రెండు నెలల ముందే పట్టుకుంది. పేరు చూసి నమ్మాను గనుక నేను తప్పాను. ఆయనా అంతే.

గింజల్ని నాటకూడదు, తడి ఇసుక మీద చల్లి వదిలేయాలి. అంత చిన్న గింజకు పైన మట్టి పడితే లేవలేదు. మొదటిసారి నేను మట్టి కప్పి మొత్తం పోగొట్టాను. రెండోసారి జూన్ నెలలో బళ్లో పది కుండీల్లో ఇసుక నింపి పైన చల్లితే పదకొండు మొలకలు వచ్చాయి. ఎనిమిదో తరగతి పిల్లలు ఒక్కో కుండీకి ఒక పలక కట్టారు. దాని మీద మూడు పేర్లు రాయించాను. నేలగులిమిడి, ఎనికోస్టెమా ఆక్సిలేర్, మూడో వరుసలో, ఇసుక ఊళ్ల నేలవేము. పక్కనే ఒక కాల్‌మేఘ్ కుండీ కూడా పెట్టించాను. పరీక్ష ఒకటే, పువ్వు ఎక్కడ కూర్చుందో చెప్పమంటాను.

ఒక కుండీ నాన్నగారి ఇంటి మెట్ల మీద ఉంది. ఆయన పొద్దున్నే మాత్ర వేసుకుని, గ్లాసులో మిగిలిన నీళ్లు తెచ్చి దాని మొదట్లో పోస్తారు. నిన్న సాయంత్రం ఫోను చేసి, కింద నుంచి మూడో కణుపు దగ్గర మొగ్గ ఒకటి మెలితిరిగి ఉందని చెప్పారు.